ఊ కొట్టిన మనిషి

పేపర్లో పడ్డ చెయ్యి ఆమెదే. మిగతా మనిషి పడలేదు.

ఫోటోలో ఆయన పడవ ముక్కు పక్కన నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. పెళ్ళి ఫోటోలో కూడా అంత నిటారుగా లేడు. వెనకాల పడవ పొట్ట కొత్తగా నూనె రాసిన తలుపులా మెరుస్తోంది. ఎడమ అంచున, ఫోటో అయిపోయే చోట, మణికట్టు దాకా ఒక ఆడచెయ్యి, ఆ చేతిలో ఇనుప దిమ్మ. పైన లావుపాటి అక్షరాలు: ‘ఒంటిచేత్తో కట్టిన కలల పడవ’.

పేపరు పట్టుకొచ్చింది మరిది. పక్క వీధిలో మోటార్లు రిపేరు చేస్తాడు. ఎవర్నో ఒకర్ని నవ్వించకుండా ఒక్క కప్పు టీ తాగలేడు.

“చూశావా వదినా, నువ్వూ పడ్డావు.”

“ఎక్కడ?”

“ఇదిగో, ఈ మూల. ఒంటిచేత్తో అని రాశారు కదా. ఆ ఒంటి చెయ్యి ఇదే.”

ఆమె నవ్వింది. నవ్వొచ్చే మాటే మరి. టీ వడపోస్తూ నవ్వింది, కప్పు అందిస్తూ నవ్వింది. కళ్ళజోడు పెట్టుకుని పేపరు చేతిలోకి తీసుకున్నాక మాత్రం ఆ నవ్వు ఎటు పోయిందో తెలియలేదు.

లిఫ్టు మెకానిక్‌గా జీవితమంతా పైకీ కిందికీ తిరిగిన ఈ మనిషి ఒక్కసారైనా అడ్డంగా పోవాలనుకున్నాడు అని మొదలుపెట్టారు. ఆ మాట ఆయన సొంతం, వీధిలో అందరికీ చెప్పి చెప్పి అరిగిపోయింది. డ్యూటీ దిగాక సాయంత్రాలు, సెలవుల్లో పొద్దంతా, ఎవరి సాయమూ లేకుండా పలక మీద పలక పేర్చి, రాగి మేకులు కొట్టి, చిన్న గదీ, పొయ్యీ, రెండు పడకలూ, తెరచాపా ఉన్న పడవ కట్టాడట. ఆదివారం పెద్ద పోటు నాడు అది నీళ్ళలోకి దిగుతుందట. తీరం వెంబడి ఎంత దూరం పోతే అంత దూరం పోతాడట.

“తెరచాప కూడా అన్నయ్యే కుట్టాడన్నమాట,” అన్నాడు మరిది. “మిషన్ తొక్కడం ఎప్పుడు నేర్పావు వదినా?”

ఈసారి ఆమె నవ్వలేదు. ఆస్పత్రులకీ హోటళ్ళకీ పరదాలు కుట్టడం ఆమె వృత్తి. పరదాల పని తక్కువగా ఉన్న నెలలు చూసుకుని ఆ తెరచాప కుట్టింది. గుడ్డ మందానికి సూదులు విరిగిపోతుంటే మోచెయ్యంత దారానికోసారి మిషన్ ఆపి, సూది మార్చి కుట్టింది. మరిది ఆమె ముఖం చూసి, మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసి, షాపు తెరవాలంటూ లేచాడు.

కాసేపటికి ఆయన వచ్చాడు, చంకలో పేపర్ల కట్ట. దుకాణంలో ఉన్నవన్నీ కొనేసినట్టున్నాడు. మంగలికి ఒకటి, మందుల షాపాయనకి ఒకటి, ఎప్పుడూ పలకరించని ఎదురింటాయనకి కూడా ఒకటి ఇచ్చి వచ్చానని చెప్పాడు. ముఖం వెలిగిపోతోంది. ఇన్నేళ్ళుగా ‘పడవాయన’ అని వెనకాల నవ్విన వీధి ఈ పొద్దున ఎదురొచ్చి చెయ్యి కలిపింది మరి. ఆ సంతోషం ఆమెకు తెలియక కాదు.

“చూశావా?”

“చూశాను.”

“ఎట్లా ఉంది?”

“మీరు బాగా పడ్డారు.” ఆమె పొయ్యి చిన్నది చేసింది. “ఒంటిచేత్తో అని మీరే చెప్పారా?”

“నేనెందుకు చెప్తాను? ఆ పేపరమ్మాయే అడిగింది. ఇంత పడవ ఒంటిచేత్తో కట్టారా సార్ అని.”

“మీరేమన్నారు?”

ఆయన టీ కప్పులోకి చూశాడు. అందులో ఏదో పడినట్టు వేలితో తియ్యబోయాడు. ఏమీ పడలేదు.

“ఊ అన్నాను,” అన్నాడు.

ఆ పడవంతా ‘ఊ’ మీదే నిలబడి ఉంది. ఆ సంగతి తెలియని వాళ్ళకు చెప్పాలి. పలక అంచు మీద ఇంకో పలక అంచు ఎక్కించి, రెండూ కలిసే చోట బెత్తెడుకొక రంధ్రం పెడతారు. రాగి మేకు బయటినుంచి లోపలికి పోతుంది. లోపల దాని మొనకి రాగి బిళ్ళ తొడిగి, ఎక్కువైన మొన కత్తిరించి, గుండు మూతి సుత్తితో చుట్టూ తట్టి తట్టి గుండీలా అణుస్తారు. లోపల అలా తడుతున్నంతసేపూ బయట మేకు తల మీద బరువైన ఇనుప దిమ్మ అదిమి పట్టుకుని ఉండాలి. లేదంటే ఎంత కొట్టినా మేకు వెనక్కే పోతుంది. లోపలున్న మనిషికి బయటి మనిషి కనపడదు, బయటున్న మనిషికి లోపలి మనిషి కనపడడు. బయట దిమ్మ ఆనించి ‘ఊ’ అంటేనే లోపల దెబ్బ పడుతుంది. ఆ మేకు అయిపోగానే లోపలినుంచి చెక్క మీద రెండు తట్లు. ఇంకోటి అని అర్థం. మళ్ళీ ‘ఊ’. ఇంట్లో ఆమె ఆయన్ని మీరంటుంది, ఆయన ఆమెను నువ్వంటాడు. చెక్కకు అటూ ఇటూ ఉన్నప్పుడు మీరూ లేదు, నువ్వూ లేదు.

కూతురు కడుపులో ఉన్నప్పుడు మొదలైన ‘ఊ’ అది. ఆ కూతురికే ఒక కూతురు పుట్టేదాకా నడిచింది. జ్వరంతో ఉన్నప్పుడు అంది. పోట్లాడుకుని పూటల తరబడి మాటలు మానేసిన రోజుల్లో కూడా షెడ్డుకి వెళ్ళి, గొంతుక్కూచుని, దిమ్మ ఆనించి అంది. మొగుడి కథలకి ఊ కొట్టే పెళ్ళాలు లోకంలో బోలెడంతమంది ఉంటారు. మేకులకి ఊ కొట్టింది ఈమె ఒక్కతే. కుడి భుజం పట్టేసి జుట్టు దువ్వుకోవడానికి చెయ్యి లేవకపోతే కుట్టుమిషన్ వల్ల అని చెప్పింది. ఆయన నమ్మాడు.

ఇప్పుడు ఆ ‘ఊ’ ఆయన నోట్లోంచి ఎవరో అమ్మాయి ముందు జారిపోయింది. ఆమె చేసిన పనంతా ఆమె మాటతోనే తుడిచిపెట్టేశాడు. కోపం వచ్చిందా అంటే, వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గిన్నెలన్నీ ఇంకోసారి తోమింది.

మధ్యాహ్నం ఆయన షెడ్డునుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు విప్పలేదు, లోపలికీ రాలేదు.

“ఒకసారి రా,” అన్నాడు. ముఖంలో పొద్దుటి వెలుగు ఇంత కూడా లేదు.

షెడ్డు ఇంటి వెనక సందు చివర, పాత కోతమిల్లు గోడకి ఆనుకుని ఉంటుంది. ఆమె వెళ్ళేసరికి పడవ ఒక పక్కకి ఒరిగి ఉంది. కొంచెమే, కొత్తవాళ్ళకు తెలియదు. ఫోటో తీసిన అబ్బాయి ఈ ఊతకర్ర అడ్డంగా ఉంది సార్ అంటే ఆయనే తీసి ఇంకో చోట సన్నపాటి కర్ర పెట్టాడు. అది ఎప్పుడో జారింది. పడవ పొట్ట వెళ్ళి పక్కనున్న ఇనుప స్టాండు మూల మీద కూచుంది. కిందనుంచి మూడో పలక, నీళ్ళలో ఉండే భాగం, చీలిపోయింది.

ఆమె మోకాలి మీద కూచుని చీలిక మీద అరచెయ్యి పెట్టింది. ఆయన మీద కోపం వేరు, పడవ వేరు. ఆ పలక ఆవిరిపెట్టెలోంచి వేడివేడిగా తీసి, ఇద్దరూ చెరో కొసా పట్టుకుని, చేతులు కాలుతుంటే పరుగెత్తుకుంటూ వచ్చి వంచి బిగించిన రోజు ఆమెకి గుర్తుంది.

“దెబ్బతిన్నంత మేర కోసేస్తాను,” అన్నాడు ఆయన. “రేపు కొత్త ముక్క ఆవిరి పట్టి వంచుతాను. ఎల్లుండి మేకులు కొడదాం. ఆదివారం పోటు తప్పితే మళ్ళీ నెల దాకా రేవులో అంత నీళ్ళుండవు. ఈలోగా షెడ్డు అద్దె గడువు అయిపోతుంది, ఖాళీ చెయ్యాలి. పడవని రోడ్డు మీద పెట్టుకోవాలి మనం.”

పెట్టుకోవాలి మనం. ఆ ‘మనం’ ఆమె చెవికి సరిగ్గా తగిలింది.

“ఎల్లుండి నాకు ఆస్పత్రి పరదాలున్నాయి,” అంది లేస్తూ.

“ఒక పూట పనే కదా.”

“అన్నేళ్ళూ ఎవరి సాయమూ లేకుండా కట్టారు. ఈ ఒక్క పూటకీ నేనెందుకు?”

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకి సులువయ్యేది, తనూ పెంచేవాడు.

“పేపరు వాళ్ళు ఏదో రాస్తుంటారు. దాన్ని పట్టుకుని…”

“పేపరు వాళ్ళు కాదు. మీరు ఊ అన్నారు.”

ఆమె చెయ్యి తుడుచుకుని ఇంటికి వచ్చేసింది. వస్తూ వస్తూ, ఒరిగిన వైపు ఊతకర్ర కింద చెక్కముక్క కాలితో ఇంకాస్త లోపలికి తోసి వచ్చింది.

అనుకున్న రోజు పొద్దున ఆమె నిజంగానే మిషన్ ముందు కూచుంది. నీలం రంగు పరదాలు, పొడుగ్గా, ఆలోచన అక్కర్లేని కుట్టు. కిటికీ సందు వైపే ఉంది. షెడ్డులోంచి సుత్తి చప్పుడు మొదలైంది.

చూడకపోయినా ఆమెకు తెలిసిపోతుంది. మేకు సరిగ్గా దిగుతుంటే చప్పుడు చిన్నగా, గట్టిగా, ఒకే చోటినుంచి వస్తుంది. వెనకాల దిమ్మ ఆనకపోతే చెక్కంతా మోగుతుంది, ఖాళీ పెట్టె మీద కొట్టినట్టు. ఇప్పుడు అట్లాగే మోగుతోంది. ఆమె పాదం మిషన్ మీద ఆగింది. మళ్ళీ తొక్కింది. మళ్ళీ మోగింది.

‘అదమాలి,’ అనుకుంది లోపల. ‘ఆనించడం కాదు, అదమాలి.’

షెడ్డులోంచి ఆయన అరుపు వినపడింది, ఆ తర్వాత మరిది అరుపు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఏదో లాగుతున్న చప్పుడు, ఇనుము మీద ఇనుము. మళ్ళీ సుత్తి. ఈసారి ఇంకా అన్యాయంగా మోగింది. ఆమె కుట్టు చూసుకుంటే పరదా అంచు వంకరపోయి ఉంది. ఇన్నేళ్ళలో పరదా కుట్టు వంకర పోవడం ఎప్పుడు జరిగిందో గుర్తు చేసుకోబోయి మానేసింది. కుట్టు విప్పడం మొదలుపెట్టింది.

మరిది బొటనవేలు నోట్లో పెట్టుకుని వచ్చాడు.

“దిమ్మ పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను. దిమ్మ తిరిగిపోయింది వదినా. నా చేతిలో ఉన్నది ఇనుమా, పిడుగా అర్థం కాలేదు. ఒక దెబ్బకి మోచెయ్యి దాకా జిల్లుమంది. నేను కొంచెం సడలించానో లేదో, అన్నయ్య లోపలినుంచి తిట్టని తిట్టు లేదు. గట్టిగా పట్టుకో, ఏమాలోచిస్తున్నావు అంటాడు. ఆలోచించడానికి నాకు బుర్ర ఎక్కడ మిగిలింది?”

“కూచో. నీళ్ళలో పెట్టు ఆ వేలు.”

“నన్ను తీసేసి లారీ జాకీ పెట్టాడు. దిమ్మని జాకీతో బిగిస్తే చెక్కే లోపలికి నొక్కుకుపోతోంది. నాలుగు మేకులు వంగిపోయాయి.” అతను వేలు గిన్నెలో ముంచాడు. “వదినా, ఇన్నాళ్ళూ నువ్వెట్లా పట్టావు?”

ఆమె దారం కొరికి, కుట్టు తిప్పి చూసుకుంది.

“అదిమి పట్టాను,” అంది.

భోజనం వేళ దాటాక ఆయన వచ్చాడు. పెరట్లో కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. అంత మురికి లేదు. లోపలికి వచ్చి మిషన్ పక్కనున్న స్టూలు మీద, పరదాల కుప్పకి ఇవతల కూచున్నాడు.

“తప్పే,” అన్నాడు. “ఊ అనకుండా ఉండాల్సింది.”

ఆమె చక్రం ఆపింది, తల ఎత్తలేదు.

“ఆ అమ్మాయి అట్లా అడిగేసరికి బాగుందనిపించింది. అంతే. ఎప్పుడూ ఎవరూ అడగలేదు కదా. నువ్వు పక్కనే ఉన్నావన్న సంగతి…” ఆయన ఆగాడు. అబద్ధం చెప్పడం రాదు ఆయనకి, అదొక్కటి ఒప్పుకోవాలి. “ఆ నిమిషానికి గుర్తు రాలేదు.”

గుర్తు రాలేదు అన్న మాట తప్పు అన్న మాటకంటే ఎక్కువ నొప్పించింది. కానీ అది నిజం. ఇంకేం చెప్పినా ఆమె ఆ పూటకి మిషన్ దగ్గరినుంచి లేచేది కాదు.

“వస్తాను,” అంది. “కానీ నేను లోపల. మీరు బయట.”

“నీకు కొట్టడం రాదు కదా.”

“మీకు పట్టడం వచ్చా?”

ఆయన పరదాల కుప్ప వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. ఎక్కడా సాయం దొరకలేదు.

పడవలోకి ఆమె ఎక్కి చాలా కాలమైంది. నిచ్చెన ఎక్కితే మోకాలు పట్టేస్తుంది. అదీగాక లోపలి పని మొదలైనప్పటినుంచీ అంతా అయ్యాక చూద్దువుగాని అంటూ ఆయన కిందనుంచే టీ అందుకునేవాడు. ఇప్పుడు ఆయనే నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె ఒక్కో మెట్టూ ఎక్కి, అంచు దాటి, వంగి గదిలోకి దిగింది.

పలకలన్నిటి వెంటా, ముక్కు నుంచి వెనక దాకా, రాగి గుండీలు వరసలు వరసలుగా ఉన్నాయి. బయట తను చూసినవి మేకు తలలు, చదునుగా, ఏ ఒడుపూ లేకుండా. లోపల ఒక్కో గుండీ గుండ్రంగా, అంచు నలగకుండా, పక్కదాని జోడులా ఉంది. బట్ట కుట్టేవాళ్ళు పనితనం చూడాలంటే బట్ట తిరగేస్తారు. ఆమె పడవని తిరగేసి చూస్తున్నట్టుంది. తన ప్రతి ‘ఊ’కీ లోపల ఇదా జరిగింది అనుకుంది. గర్వం వచ్చింది. వెంటనే, ఇన్నాళ్ళూ చూపించలేదే అని ఒళ్ళు మండింది. రెండూ కలిసే ఉన్నాయి, విడదియ్యడం ఆమె వల్ల కాలేదు.

కొత్త ముక్క దగ్గర గొంతుక్కూచుంది. సుత్తి అనుకున్నదానికంటే చిన్నది. మేకు మొన రంధ్రంలోంచి పొడుచుకొచ్చింది. బిళ్ళ తొడిగింది, మొన కత్తిరించింది. ఎదురు చూసింది.

“ఊ,” అని వినపడింది బయటినుంచి. చెక్కకి అవతల ఆయన గొంతు ఎవరిదో పెద్దాయన గొంతులా ఉంది.

మొదటిది చెడింది. రెండోది పక్కకి ఒరిగింది. సుత్తి బలం కాదని, మిషన్ మీద గుడ్డ నడిపించినట్టు తిప్పుకుంటూ పోవాలని మూడోదానికి అర్థమైంది. నాలుగోది గుండ్రంగా వచ్చింది. ఆమె దాన్ని వేలితో తడిమి చూసి, రెండుసార్లు తట్టింది. ఇంకోటి.

“ఊ.”

తర్వాత పని తనంతట తనే సాగింది. బిళ్ళ, కత్తెర, తట్టు. ప్రతి గుండీ ముందుదానికంటే బాగా రావాలని పట్టుదల వచ్చింది. పాత వరస పక్కన కొత్త వరస చేరుతుంటే ఏది ఆయనది, ఏది తనది అని పోల్చుకోవడం, ఈ ఒక్కటి ఆయనకంటే బాగా వచ్చింది అనుకోవడం. రాగి వాసన, చెక్క వాసన, చేతిలో సుత్తి కూర్చున్న తీరు. కొత్త చీర కట్టుకున్నంత హాయిగా ఉంది. ఎంతసేపయిందో ఆమెకి తెలియలేదు. భుజం సంగతే గుర్తు లేదు. రెండు తట్లు, ఊ, రెండు తట్లు, ఊ. ఆ ‘ఊ’ ఎక్కడినుంచి వస్తోందో కూడా ఆలోచించలేదు. మేకు దానంతట అదే అంటున్నట్టుంది.

ఒక మేకు దగ్గర దెబ్బ మోగింది. ఖాళీ పెట్టె మీద కొట్టినట్టు. చేతిలో ఉన్న మంచి గుండీ పాడైపోయింది.

“గట్టిగా పట్టుకోండి,” అంది చిరాగ్గా. “ఏమాలోచిస్తున్నారు?”

అన్నాక ఆ మాట ఆమె చెవిన పడింది. మాట ఆయనది, గొంతు తనది. సుత్తి గాల్లోనే ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది, చెక్కకి అవతల ఒక మనిషి ఉన్నాడని.

సుత్తి కింద పెట్టి, అంచు పట్టుకుని, నిచ్చెన దిగింది. ఎవరూ పట్టుకోలేదు నిచ్చెన. పడవ చుట్టూ తిరిగి వస్తే, ఆయన ఇన్నేళ్ళూ ఆమె కూచున్న చోట, ఆమె కూచునే తీరులోనే ఉన్నాడు. ఒక మోకాలు నేల మీద, చెంప పలకకి ఆనించి, రెండు చేతులతో దిమ్మని అదిమి. చేతులు మోచేతుల దాకా వణుకుతున్నాయి. కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆమె వచ్చిందని తెలియక, “ఊ,” అన్నాడు మళ్ళీ.

ఆమెకి కళ్ళనీళ్ళు వచ్చాయి. దిమ్మ ఆయన చేతుల్లోంచి తీసి నేల మీద పెట్టింది.

“ఆపమని చెప్పొచ్చు కదా.”

ఆయన కళ్ళు తెరిచి చేతులు చూసుకున్నాడు. వేళ్ళు విప్పుకోవడానికి కాస్త టైము పట్టింది.

“నువ్వెప్పుడైనా చెప్పావా?” అన్నాడు.

దెప్పడానికి అన్న మాట కాదు. నిజంగానే అడిగాడు. ఇద్దరూ ఆ రంపపు పొట్టులో పడవకి వీపు ఆనించి కూచున్నారు. సందులోంచి ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

“రోజూ ఇట్లాగే ఉండేదా?”

“చలికాలం ఇంకా బాగుండేది. ఇనుము చల్లగా ఉండేది కదా.”

ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఆమె కుడి భుజం వైపు చూశాడు. ఇన్నేళ్ళలో దాన్ని ఎప్పుడూ చూడనట్టు చూశాడు.

“భుజం మిషన్ వల్ల అన్నావు.”

“మిషన్ కాలితో తొక్కుతానండీ.”

ఆయన తల దించుకున్నాడు. ఆయన్ని అట్లా చూడాలనే కదా రెండు రోజులుగా ఆమె మనసు కొట్టుకుంది. తీరా చూశాక ఆమెకి అంత సంతోషమేమీ కలగలేదు. లోపల తను చేసిన పని అడ్డమొచ్చింది.

“నేనూ మర్చిపోయాను,” అంది.

“ఏంటి?”

“బయట మీరున్నారని. ఒక పూటకే మర్చిపోయాను.”

“లోపల అట్లాగే ఉంటుంది,” అన్నాడు ఆయన మెల్లిగా. “అట్లా మర్చిపోతానని నాకూ ఇప్పుడే తెలిసింది.”

చివరి నాలుగు మేకులు మిగిలాయి. మీరు లోపలికి వెళ్ళండి, నేను పడతాను అంది ఆమె. ఆయన ఒప్పుకోలేదు. ఇవి కూడా నేనే పడతాను, కాకపోతే ఒక్కోదానికీ కాస్త ఆగి కొట్టు అన్నాడు. ఆగి ఆగి కొట్టింది. ప్రతి మేకుకీ ముందు, ‘ఉన్నారా?’ అని అడిగింది. అడిగిన ప్రతిసారీ ‘ఉన్నాను’ అన్నాడు. పని కొంచెం ఆలస్యమైంది కానీ పొద్దుండగానే అయిపోయింది.

ఆదివారం రేవులో పోటు నిండుగా వచ్చింది. క్రేను వాడు పడవని పట్టీలతో ఎత్తి నీళ్ళ మీదికి తిప్పుతుంటే ఆయన ముఖంలో నెత్తురు లేదు. పడవ నీటిని తాకి, ఒకసారి ఊగి, నిలబడింది. వీధివాళ్ళు చప్పట్లు కొట్టారు. మందుల షాపాయన ఈల వేశాడు. కూతురు ఫోనులో అన్నీ చూస్తూ, ‘నాన్నా, ఏదో ఒకటి అను,’ అంటోంది.

పేపరమ్మాయి మళ్ళీ వచ్చింది, ఫోటో అబ్బాయితో. మంచి పిల్లే. మొన్నటి రాతకి చాలామంది ఫోన్లు చేశారట.

“ఇంత పడవ ఒంటిచేత్తో కట్టి నీళ్ళ మీద చూస్తుంటే ఎలా ఉంది సార్?”

ఆయన నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి మర్యాదకి ఆమె వైపు కూడా తిరిగింది. “ఆయన పడవ కడుతుంటే మీరేం చేసేవారండీ?”

“ఊ కొట్టేదాన్ని,” అంది ఆమె.

పేపరమ్మాయి ముద్దుగా నవ్వింది. “మా అమ్మా అంతేనండీ. నాన్న ఏం చెప్పినా ఊ కొడుతుంది.”

“అట్లాగే రాసుకోమ్మా,” అన్నాడు ఆయన. దిమ్మ పట్టి నొప్పెక్కిన మణికట్టుకి కట్టిన గుడ్డ ఇంకా విప్పలేదు. “నేను మేకులు కొట్టాను, ఆవిడ ఊ కొట్టింది. ఆ ఊ లేకపోతే ఒక్క మేకు దిగదు. ఒంటిచేత్తో ఈ పని కాదు. మొన్న నువ్వడిగితే నేనొక ఊ అన్నాను చూడు, దాన్ని కొట్టెయ్.”

పేపరమ్మాయికి సగం అర్థమైంది, సగం కాలేదు. ఆయన పక్కన ఆమె, ఎక్కడ చూడాలో తెలియక, నీళ్ళ వైపు చూసింది. మరిది మాత్రం ఇన్నేళ్ళలో మొదటిసారి జోకేమీ వెయ్యకుండా నిలబడ్డాడు. ఫోటో అబ్బాయి, సార్ కొంచెం పక్కకి, మేడమ్ కనపడట్లేదు అన్నాడు.

అంతలోనే మరిది కేక వేశాడు, పడవలోకి నీళ్ళొస్తున్నాయని. రేవంతా కలకలం. చప్పట్లు కొట్టినవాళ్ళే అయ్యో అన్నారు. ఆయనా ఆమే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏళ్ళ తరబడి ఎండిపోయిన చెక్క నీళ్ళు తాగాలి, తాగి ఉబ్బాలి, ఉబ్బితేనే పలకలు బిగుస్తాయి. అప్పటిదాకా ఎత్తిపోస్తూ ఉండాలి. ఇద్దరూ రెండు బకెట్లు పట్టుకుని పడవలోకి దిగారు. ఆయన ముందు దిగి, చెయ్యి అందించాడు.

జనం మెల్లిమెల్లిగా పలచబడ్డారు. పేపరమ్మాయి వెళ్ళిపోయింది, ఏం రాస్తుందో ఆ అమ్మాయికే తెలియాలి. నీళ్ళు అన్నిటికంటే ఎక్కువగా కొత్త ముక్క దగ్గరే వస్తున్నాయి, తను కొట్టిన గుండీల పక్కనుంచి. ఆమె వంగి చూసింది. అంచు వెంట చెమట పట్టినట్టు నీరు, ఇందాకటికంటే సన్నగా.

“తగ్గుతోంది,” అంది.

ఆయన తన బకెట్ పడక మీద పెట్టి, ఆమె నీళ్ళు ఎత్తి పోస్తున్న చెయ్యి చూశాడు. భుజం దాకా లేవక, మోచేతితోనే విసురుతోంది.

“నొప్పిగా ఉందా?”

ఏం లేదు అనబోయింది. ఇన్నేళ్ళ అలవాటు నాలుక చివరికి వచ్చి నిలబడింది.

“ఊ,” అంది.

ఆయన ఆమె చేతిలోంచి బకెట్ తీసుకున్నాడు.